సేనాపతి ఏడుపు

"సేనాపతి ఏడుసుడేంది నాయినా! మీసాలు పెట్టుకొని ఆడదాని లెక్క ఏడిస్తే జనం నవ్వరా?"

"పిల్లలు చచ్చారని కబురొస్తే ఏడవక ఏం చేస్తాడురా? ముందు ఏడువు, ఆనక కత్తి దుయ్యి."

నా చిన్నప్పుడు, భోపాలపట్నంలో మా దుకాణం వెనక వాకిట్లో మా తాతయ్యకూ చిన్నాయనకూ రోజూ ఇదే రచ్చ. బస్తర్ రాజ్యం రోజులవి. ఊళ్ళోవాళ్ళు చివరికి అందరూ చచ్చే నాటకం ఒకటి కడుతున్నారు. తాతయ్య నేర్పేవాడు, చిన్నాయన సేనాపతి. శత్రువు తన బిడ్డల్ని చంపించాడన్న కబురు వినగానే చిన్నాయన చెక్క కత్తి లేపి గర్జించేవాడు, అంతే. వినీ వినీ నాకే విసుగొచ్చింది. ఎండబోసిన చింతపండుకు చీమలు పడుతుంటే, ఇద్దరు మగాళ్ళు పొద్దంతా ఏడుపు గురించి పోట్లాట!

అసలు సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అంతకుముందు వానల్లో చిన్నాయన కొడుకు, ఇంకా నడక కూడా కుదరనివాడు, జ్వరంతో పోయాడు. చిన్నాయన కన్ను తడవలేదు. చిన్నమ్మ ఆయనతో మాట మానేసింది. "నా కొడుకు ఈయనకేమీ కాడు" అని మా అమ్మతో అన్నది.

ఒక సాయంత్రం ఆవపల్లి వైపు నుంచి, మాకు ఏటా చింతపండు తెచ్చే దోర్ల తెగ తాత వచ్చాడు. బాబు ఏడని అడిగితే అమ్మ చెప్పింది. వాళ్ళలో చావు మాట విన్నాక ముందు ఏడుపు, తర్వాతే బేరం. ముసలాయన కావడి దించి, చిన్నాయన రెండు చేతులూ పట్టుకొని గట్టిగా ఏడ్చాడు. ఆయనవీ గుబురు మీసాలే, భుజం మీద ఎలుగుబంటి గీరిన మచ్చ. ఎవరన్నా చూస్తారన్న జంకే లేదు. చిన్నాయన "ఊరుకో తాతా, ఊరుకో" అంటూనే ఉన్నాడు. అంటూ అంటూ కూలబడి, ముసలాయన భుజం మీద తల పెట్టి, బిడ్డను పేరుపెట్టి పిలిచాడు. చిన్నమ్మ వంటింటి గడపలో నిలబడిపోయింది.

ఇంతమాత్రం పనికి ఇన్ని నెలలా! ఆ విసుగు నాకిప్పటికీ పోలేదు. నా మనవళ్ళలో ఎవడన్నా ఏడుస్తుంటే "మగపిల్లాడివి, ఊరుకో" అన్నవాళ్ళను గదమాయిస్తాను. ఏడవనీయండి, కన్నీళ్ళేమీ కొనుక్కొచ్చినవి కావు.

ఆయన ఏడ్చిన మర్నాడు పొద్దున చిన్నమ్మ చిన్నాయనకు జావ పోసి, "ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది.