పెండ్లిళ్లకు పోయిన చావు కెమెరా

నందికొట్కూరు బాలస్వామి కెమెరా ముందు కూర్చోబెడితే చచ్చినవాళ్లు కూడా కండ్లు తెరుస్తారు. నమ్మనివాళ్లు పగిడ్యాలకో మిడుతూరుకో పోయి ఇండ్లలో గోడలు చూసి రావచ్చు. దండ వేసిన పటంలో ముసలాయన కుర్చీలో నిటారుగా కూర్చొని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకొని, వచ్చినవాణ్ని గుచ్చి గుచ్చి చూస్తుంటాడు. ఆ ఫోటో తీసేటప్పటికి ఆయన ప్రాణం పోయి పూట గడిచింది. బతికుండగా ఆ మనిషి ఎవరినీ అంత శ్రద్ధగా చూసి ఉండడు. ఒక ఊర్లో కోడలు ఇప్పటికీ నెత్తిన కొంగు లేకుండా మామ పటం ముందునుంచి నడవదు. ఇంకో ఊర్లో ఒక కుక్క పటమున్న గది గడప దాటదు. దాని పిల్లలు కూడా దాటవు, వాటికెవరు చెప్పారో మరి.

ఆ పనికి ఒక పద్ధతి ఉంది. సెల్‌ఫోన్లు రాకముందు పల్లెల్లో చాలామంది ఫోటో అనేది లేకుండానే బతికి పోయేవారు. పోయాక ఇంటివాళ్లకు గుర్తొచ్చి, బాలస్వామికి కబురు పంపేవారు. అతను పోయి, శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టించి, జారకుండా నడుముకు తుండుగుడ్డ కట్టించి, అది కనబడకుండా కండువా కప్పించి ఫోటో తీసేవాడు. ఆనక చీకటిగదిలో ప్రింటు వేసి, మూసిన రెప్పల మీద సన్న బ్రష్షుతో కండ్లు దిద్దేవాడు. ఊరికే దిద్దితే బొమ్మ కండ్లవుతాయి. అందుకని ఆ ఇంట్లో కొడుకునో కూతురునో అదే కుర్చీలో కూర్చోబెట్టి ఇంకో ఫోటో తీసుకొనేవాడు. ఆ కండ్లు చూసి ఈ కండ్లు దిద్దేవాడు. ఆ పల్లెల్లో తండ్రులంతా ఇప్పటికీ కొడుకుల కండ్లతోనే చూస్తున్నారు.

అతనికి రెండు కెమెరాలుండేవి. రెండూ ఒకటే మాదిరివి, మెడకు తగిలించుకొని పైనుంచి తొంగి చూసే రెండు కండ్ల డబ్బాలు. పై కన్ను మనిషి చూసేందుకు, కింది కన్ను ఫిల్ము చూసేందుకు. ఒకటి పెండ్లిళ్లది, ఒకటి చావులది. అది అతని చాదస్తం కాదు, ఊర్ల కట్టుబాటు. పందిట్లో అడుగు పెట్టకముందే పెండ్లికూతురి మేనమామ ఎదురొచ్చి నిలబడేవాడు.

"యా కెమెరా తెచ్చినావు బాలస్వామీ?"

"పెండ్లిదేలేప్పా. కవరు చూడు, మీ ఊరి బొట్లే ఉండాయి."

పెండ్లి కెమెరా తోలు కవరు మీద ప్రతి ఇంట్లోనూ ఒక ముత్తయిదువ కుంకుమ బొట్టు పెట్టేది. చావు కెమెరా కవరుకు నల్లదారం. ఇంట్లో బీరువాలో ఇది కింది అరలో, అది పై అరలో ఉండేవి. బాలస్వామి పెండ్లాం విశ్వాసమ్మ ఒకదాన్ని తుడిచిన గుడ్డతో ఇంకోదాన్ని తుడిచేది కాదు. చర్చికి తప్పకుండా పోయే మనిషే, అయినా ఈ ఒక్క విషయంలో ఏ పాస్టరు మాటా వినలేదు.

ఊరందరి మొహాలూ తీసిన మనిషికి ఇంట్లో పెండ్లాం మొహం కనబడే ఫోటో ఒక్కటీ లేదు. కెమెరా ఎత్తితే చాలు, ఆమె కొంగు అడ్డం పెట్టుకొనేది. పెండ్లినాటి ఫోటోలోనూ నేల చూపే. "నీ కెమెరాకు నా మొగమే దొరికినాదా" అని నవ్వి లేచిపోయేది. చివరికి ఆమె కొంగు అడ్డం పెట్టుకోలేని రోజు వచ్చింది. ఇంకొకడి చేతికి కెమెరా ఇవ్వడానికి మనసొప్పక బాలస్వామే కింది అర తెరిచాడు. తల దగ్గర వెలిగించిన కొవ్వొత్తి వంగి, కెమెరా గడ్డం మీద, కింది కన్ను అడుగున, ఇంత మైనం కారింది. అతను చూడనే లేదు. ఒకే ఒక్కసారి నొక్కి, ఫిల్ము తిప్పకుండానే మూత వేశాడు.

ఆ రోలు అతను కడగలేదు, ఆ తరువాత రెండు కెమెరాల కవర్లూ విప్పలేదు. ఏడాది గడిచింది, తరువాత ఏండ్లు గడిచాయి. అతని ఫోటో కొట్టు పక్కనే బట్టలు కుట్టే ఖాసిం సాహెబ్ ఉండబట్టలేక అడిగేవాడు.

"వదినమ్మ ఫోటో ఎప్పుడు కడుగుతావప్పా?"

"రోలు నిండలేదు భాయ్."

"అది చావుల రోలు. నిండాలంటే ఇంగెవరో పోవాల గదా. నా మీద ఏమన్నా కన్నుండాదా నీకు?"

"నువ్వు బతికుండంగనే కండ్లు మూసుకోని కుడతావు. నీకు దిద్దేది శానా కష్టం, పోవద్దు."

నవ్వులాట అక్కడికే ఆగేది. అసలు మాట వేరే. విశ్వాసమ్మకు పిల్లలు లేరు, తోడబుట్టినవాళ్లూ లేరు. ఫోటో కడిగితే కండ్లు మూసుకున్న పెండ్లాం వస్తుంది. ఆ కండ్లు తెరిపించడానికి ఆ కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టాలి? ఊరందరికీ కండ్లు పంచిన బాలస్వామికి సొంత ఇంటికి కావలసిన జత ఎక్కడా దొరకలేదు. కడగకపోతే మాత్రం ఆమె ఇంకా ఆ డబ్బాలోనే ఉంది కదా అనుకున్నాడు. మధ్యాహ్నాల్లో కొట్టు మూసి ఇంటికొచ్చి, బీరువా పక్కన కూర్చొని అన్నం తినేవాడు.

అట్లా ఉండగా కర్నూలు నుంచి భూపేష్ వచ్చాడు. పెండ్లికి ముందే జంటలను ఓర్వకల్లు రాళ్ల మధ్యకు తీసుకుపోయి, పొగలు వదిలి, చీర కుచ్చిళ్లు గాలికి ఎగరేయించి ఆల్బములు చేసే కుర్రాడు. జంటల చేతికి ఇచ్చేందుకు పాతకాలం కెమెరా ఒకటి కావాలన్నాడు. పెండ్లి కెమెరాతో ఇంక పనేముందని, స్టాండూ గొడుగు లైట్లతో పాటు దాన్నీ ఇచ్చేశాడు బాలస్వామి. పై అర తెరిచి, బొట్లున్న కవరు చూసి, చేతిలో పెట్టాడు. ఆ సాయంత్రమే మెడ బోసిగా అనిపించింది. నడుస్తూ నడుస్తూ రొమ్ము మీద చెయ్యి పెట్టి తడుముకున్నాడు. ఎందుకిచ్చాను, నా సొమ్మేం తినింది అది, అని ఖాసిం సాహెబ్ చెవి కొరికాడు. అది మామూలు విచారం, పాత సామాను అమ్ముకున్న ప్రతివాడికీ ఉండేదే. అసలుది తరువాత వచ్చింది.

భూపేష్ ఫోనుకు ఫోటోలు పంపేవాడు, మామా నీ కెమెరా ఎట్ల ఎలిగిపోతాండాదో చూడు అని. ఒకరోజు పొద్దున్నే బాలస్వామి కొట్లో కూర్చొని వాటిని చూస్తున్నాడు. ఎర్ర గౌను వేసుకున్న పెండ్లికూతురు ఒకతె కెమెరాను రొమ్ముకు ఆనించుకొని నవ్వుతోంది. అతను మొహం కాదు, కెమెరా చూడాలని రెండు వేళ్లతో పెద్దది చేశాడు. కెమెరా గడ్డం మీద తెల్లగా ఏదో గడ్డకట్టి ఉంది. ఇంకా పెద్దది చేశాడు. మైనం.

ఇంటికి పోయి కింది అర తెరిచాడు. నల్లదారం కవరు ఉంది. విప్పితే లోపలి కెమెరా మడతలోంచి పసుపు అక్షింత గింజ ఒకటి రాలింది. ఆమె పోయాక ఇల్లంతా కడిగి సున్నం కొట్టినప్పుడు బీరువా సామాను దించి, కవర్లు విప్పి తుడిచి, మళ్లీ ఎక్కించిన చేతులకు ఏ కెమెరా ఏ కవరుదో తెలియదు. తెలిసిన మనిషి అప్పటికే మట్టిలో ఉంది. చావు కెమెరా ఇన్నేండ్లు కుంకుమ బొట్ల కింద పండుకొని, ఇప్పుడు పెండ్లిళ్లు తిరుగుతోంది. అందులో ఆమె ఉంది.

నిలబడ్డచోటి నుంచే ఫోను చేశాడు. "భూపేషూ, కెమెరా యెనక మూత తెరిచినావా?"

"మూత యాడుంటాదో కూడా నాకు తెల్దు మామా. ఏమైంది?"

"తెరవద్దు. యాడుండావు?"

"ఓర్వకల్లు రాళ్ల కాడ. షూటింగుండాది."

సంగతి విని ఖాసిం సాహెబ్ కుట్టుమిషను మీద గుడ్డ అట్లాగే వదిలేసి లేచాడు. పెండ్లి కెమెరాను నల్లదారం కవర్లోంచి తీసి ఒక సంచిలో వేసుకొని, ఇద్దరూ కర్నూలు బస్సెక్కి, అక్కడి నుంచి ఆటో మాట్లాడుకున్నారు. పోయేసరికి ఎండ నడినెత్తిన ఉంది. ఆ రాళ్లు ఎప్పుడు చూసినా ఎవరో కూర్చొని లేవడం మరిచిపోయినట్టే ఉంటాయి. ఆ పొద్దు గాలి లేదు, పిట్ట లేదు, నీడలు కాళ్ల కిందికి పోయి దాక్కున్నాయి. భూపేష్ గొడుగు లైటు పట్టుకొని నిలబడ్డాడు. పెండ్లికొడుకు ఒక రాయికి ఆనుకొని పండ్లన్నీ కనబడేట్టు నవ్వుతున్నాడు. పెండ్లికూతురు కెమెరాలోకి పైనుంచి తొంగి చూస్తోంది.

చూసి, తల ఎత్తింది. మళ్లీ తొంగి చూసింది.

"భూపేషన్నా, దీంట్లో చూస్తే ఈయప్ప నవ్వడంలేదు."

"నవ్వుతాండాడు గదమ్మా."

"బయట నవ్వుతాండాడు. దీంట్లో నవ్వడంలేదు. నన్నే చూస్తాండాడు."

పెండ్లికొడుకు నవ్వు ఆగిపోయింది. అందరూ అటే తిరిగారు. టిక్కుమని నొక్కింది ఆ పిల్ల.

బాలస్వామి ఇంకొక్క అడుగు వేస్తే పరిగెత్తేవాడే. ఖాసిం సాహెబ్ మోచెయ్యి పట్టుకొని ఆపాడు. పెండ్లివాళ్ల ముందు అరవడం తగదని బాలస్వామికీ తెలుసు. భూపేష్‌ను రాయి చాటుకు పిలిచాడు.

"ఎన్నిసార్లు నొక్కినారురా దాన్ని?"

"ఎవురొచ్చినా ఒకరి మొగానికి ఒకరు పెట్టి నొక్కుతారు మామా. పక్కన మీటుంటాది చూడు, అది లాగి నొక్కితే టిక్కుమంటాది. వాళ్లు నవ్వుతారు, నేను నా కెమెరాలో తీసుకుంటా. ఉత్త డబ్బానే గదా అది."

"ఉత్తది కాదు. లోపల ఫిల్ముండాది. నేను తిప్పకుండా వదిలినా. ఎవురు ఎన్నిసార్లు నొక్కినా అన్నీ ఒక్కతావే పడతాయి. మీ అత్త మీద పడతాయి."

భూపేష్‌కు మొదట అర్థం కాలేదు. ఖాసిం సాహెబ్ సాయం పట్టాడు. "అది చావుల కెమెరారా. మా వదినమ్మ కుర్చీలో కూసోనుండాది దాంట్లో. నువ్వు తెచ్చిన పెండ్లిజంటలందరినీ తీస్కపోయి ఆమె ఒడిలో కూసోబెడతాండావు."

భూపేష్ చప్పున దూరంగా ఆపిన కారు వైపు తిరిగి చూశాడు. "గట్టిగా మాట్లాడద్దు సాయిబూ. పెండ్లికూతురి నాయన ఆ కారులోనే ఉండాడు."

"షట్టరు పాతబడిపోయింది," అన్నాడు బాలస్వామి, తనకు తానే ధైర్యం చెప్పుకుంటున్నట్టు. "నొక్కినప్పుడల్లా తెరుసుకోదు. శానాసార్లు ఉత్తుత్తిగా టిక్కుమంటాదంతే."

"తెరుసుకున్నప్పుడు?" అన్నాడు భూపేష్.

బాలస్వామి సంచిలోంచి పెండ్లి కెమెరా తీసుకొని ఆ పిల్ల దగ్గరికి పోయాడు. "ఆ కెమెరాకు జబ్బు చేసిందమ్మా. ఇది చూడు, ఇది బాగుంటాది," అని ఒకటి ఇచ్చి ఒకటి తీసుకున్నాడు. డబ్బా ఎండకు కాలిపోతోంది. దాన్ని తుండుగుడ్డలో చుట్టి రొమ్ముకు ఆనించుకున్నాడు. ఆ పిల్ల కొత్తదాన్లోకి తొంగి చూసి, "ఆ, ఇప్పుడు నవ్వుతాండాడు," అంది. పెండ్లికొడుకు అప్పుడు నవ్వడం లేదు. నాలిక తడారిపోయి నీళ్లడుగుతున్నాడు.

ఫిల్ము కడిగే మందులు ఇప్పుడు ఏ కొట్లోనూ దొరకవు. భూపేష్ ఫోన్లో తెప్పించి, తనే నందికొట్కూరు పట్టుకొచ్చాడు. తెచ్చినవాడు పోలేదు, తప్పు చేసినవాడిలా కొట్లోనే ఒదిగి కూర్చున్నాడు. బాలస్వామి చీకటిగది తలుపు సందులకు పాతగుడ్డలు కుక్కి, కన్ను పొడుచుకున్నా కనబడని ఆ చీకట్లో రోలు విప్పి కడిగాడు. అప్పుడు అతని చేతులు కొంచెం కూడా వణకలేదని ఖాసిం సాహెబ్ ఊరంతా చెప్తాడు. చీకట్లో అతనికెట్లా కనబడిందో ఎవరూ అడగరు.

రోల్లో ముందరి చావులు తేటగా ఉన్నాయి. చివరి గడి మాత్రం మసిబారిపోయి ఉంది. షట్టరు ఒక్కసారి కాదు, చాలాసార్లు తెరుచుకుంది. బాలస్వామి ఎర్రబల్బు వేసి, ఆ ఇద్దరినీ లోపలికి పిలిచి, ఆ గడిని ప్రింటు వేసి కాగితాన్ని ట్రేలో మందునీళ్లలోకి జార్చాడు.

ముందు కుర్చీ చెయ్యి వచ్చింది. తరువాత ఆమె చెయ్యి. కొవ్వొత్తి వెలుగు, తెల్లచీర అంచు. వాటి మీద ఎవరివో భుజాలు, ఏదో రాయి, పొగ, ఏవీ నిలబడకుండా నీళ్లలో కలిసిపోయాయి. మొహం అన్నిటికన్నా వెనక వచ్చింది. ముక్కు ఆమెది. పెదిమలు ఆమెవి, కొంచెం బిగించినట్టు. పైన నొసలు కూడా ఆమెదే.

కండ్లు తెరుచుకొని ఉన్నాయి.

భూపేష్ ఒక అడుగు వెనక్కి వేసి తలుపుకు తగులుకున్నాడు. ఖాసిం సాహెబ్ నోట్లో ఏదో చదువుకున్నాడు. ట్రేలో విశ్వాసమ్మ నీళ్ల అడుగునుంచి ముగ్గుర్నీ చూస్తోంది. కాగితం కదిలినప్పుడల్లా చూపు ఒకరి మీదినుంచి ఇంకొకరి మీదికి మారుతోంది.

"పెండ్లికూతురెవరిదో మొగం పడింది మామా," అన్నాడు భూపేష్ చివరికి. ఫోను తీసి, ఆ కెమెరా పట్టుకున్న ఆడపిల్లలందర్నీ ఒక్కొక్కరినే తెచ్చి ట్రే పక్కన పెట్టి చూశాడు. ఈమెవి కావు. ఈమెవీ కావు. ఎర్ర గౌను పిల్లవీ కావు, రాళ్ల దగ్గరి పిల్లవీ కావు. చివరిదాకా చూసి, మళ్లీ మొదటినుంచి చూశాడు. తరువాత ఫోను జేబులో పెట్టుకొని, కర్నూలు బస్సుకు టైమైందని లేచాడు. బస్సుకు అప్పుడే టైము కాలేదు.

ప్రింటు ఆరినాక బాలస్వామి సన్న బ్రష్షు తీశాడు. ఆ కండ్లను మూసేద్దామని. అన్నేండ్లుగా తెరిపించడమే తప్ప మూయడం అతను ఎప్పుడూ చెయ్యలేదు. రంగు కలిపి, బ్రష్షు ముంచి, రెప్ప మీదికి తెచ్చి ఆగాడు. మూసేస్తే ఆమె మళ్లీ ఆ పోయిన పొద్దటి విశ్వాసమ్మే అవుతుంది. మూయకపోతే ఇంట్లో రోజూ ఎవరితో అన్నం తినాలో తెలియదు. రంగు ఆరిపోయేదాకా ఆలోచించి, బ్రష్షు కడిగి పెట్టేశాడు. పటం కట్టించి, బీరువా పక్కన గోడకు తగిలించాడు.

అది దాగుతుందా. ఖాసిం సాహెబ్ కొట్టుకు జాకెట్లు కుట్టించుకోను వచ్చిన ఆడవాళ్లందరికీ కథ అందింది. బాలస్వామి చచ్చిన పెండ్లాం కెమెరాలో ఇన్నేండ్లు ఓపిక పట్టి, మొగుడు తన్ను అమ్ముకున్నాడని తెలిసి కండ్లు తెరిచింది. పటం చూడటానికి పాములపాడు నుంచి కూడా జనం వచ్చారు. హులిగెమ్మ అనే ముసలామె కొబ్బరికాయ తెచ్చింది. క్రైస్తవుల ఇండ్లలో కొట్టరమ్మా అంటే, ఆమెకైతే కొట్టకూడదేమో గాని ఆ కండ్లకు కొట్టవచ్చు గదా అని అక్కడే కూర్చుంది. ఖాసిం సాహెబ్ గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్లకందరికీ చెయ్యి చాపి చూపించాడు, చూడండి, మా వదినమ్మ మొగుని కోసం కండ్లు తెరిచింది అని.

బాలస్వామి కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు: "ఆమె తెరవలేదు భాయ్. ఆమెకు ఎడమకన్ను మెల్ల, దానికే ఎప్పుడూ మొగమెత్తి ఫోటో దిగలేదు. ఈ కండ్లు రెండూ తిన్నగా చూస్తాండాయి. ఎవురివో నాకు తెల్దు."