నేను కట్టిన హెలికాప్టర్, నా బావమరిది ఎగరేశాడు

నాకు జబ్బు మొదలైన రోజు బాగా గుర్తు. నా బావమరిది ప్రభాకర్ మా హెలికాప్టర్‌ను నిమిషంపాటు గాలిలో కదలకుండా నిలిపింది ఆ రోజే.

ఎనభైల చివరి మాట, అంటే నాలుగేళ్ల కిందటిది. ఆస్ట్రేలియాలో, బ్రిస్బేన్ శివారు సన్నీబ్యాంక్‌లో ఉండేవాళ్లం. నేను మెకానికల్ ఇంజనీరుని. ఒక్క మనిషి కూర్చునే చిన్న హెలికాప్టర్ కిట్ తెప్పించి, కారును బయట ఎండలో పెట్టి, గరాజ్‌లో రెండేళ్లపాటు బిగించాను. అందులో ప్రతి బోల్టూ నా చేతి మీదుగా పోయిందే. ప్రభాకర్ బ్యాంకు ఉద్యోగి. స్పానర్ ఎలా పట్టుకోవాలో వాడికి నేర్పింది నేనే. వారాంతాల్లో వచ్చి నాకు టార్చి పట్టుకునేవాడు, వాళ్లక్క వేసిన పెసరట్లు తిని వెళ్లేవాడు. వాళ్లక్క అంటే నా భార్య సరళ.

మాకు నేర్పినవాడు కెవిన్. పూర్వం హెలికాప్టర్‌లో తిరుగుతూ పశువుల మందలను తోలిన పైలట్. ముందు ఇద్దరం రెండు సీట్ల హెలికాప్టర్‌లో అతని పక్కన కూర్చుని పాఠాలు నేర్చుకున్నాం. తరవాతే మా యంత్రం. దానికి, ఒరిగినా బోల్తా పడకుండా కింద నాలుగు వైపులా పొడవాటి గొట్టాలు కట్టించాడు. మోకాలెత్తు దాటి లేవకూడదన్నాడు. ఎడమ చేతి దగ్గరి లీవరు పైకి లాగితే లేస్తుంది, దించితే దిగుతుంది. కుడి చేతిలోని కర్రను ఎటు తోస్తే అటు ఒరుగుతుంది.

"ఏ తేడా వచ్చినా లెఫ్ట్ హ్యాండ్ డౌన్, మేట్. నెమ్మదిగా. ఒరిగినప్పుడు పైకి లేస్తే బయటపడొచ్చనిపిస్తుంది. అలా లాగినవాళ్లే బోల్తా పడతారు" అని ప్రతిసారీ చెప్పేవాడు.

ఆ శనివారం ఊరికి దూరంగా ఒక రైతు పచ్చికమైదానంలో ఉన్నాం. ముందు వంతు నాది. లేచి నడవబోతే ఎడమ చెవిలో నీళ్లు పోసినట్టు దిమ్మెక్కింది, లోపల హోరు మొదలైంది. నాలుగడుగులు వేసేసరికి నేల పక్కకు జారిపోయింది. గడ్డిలో కూలబడి బూటు లేసు కట్టుకుంటున్నట్టు నటించాను.

"ప్రభూ, ముందు నువ్వెళ్లు" అన్నాను, ఏదో పెద్దమనసు ఉన్నవాడిలా.

వాడు వెళ్లి నిమిషం నిలిపాడు. అప్పటికి నాకు పది సెకన్లు నిలపడమే గగనం. కెవిన్ చప్పట్లు కొడుతుంటే నేను ట్రెయిలర్ చాటుకి పాకి వాంతి చేసుకున్నాను. తల తిరగడం ముందు మొదలైందో, కడుపుమంట ముందు మొదలైందో ఇప్పటికీ చెప్పలేను.

ఆ నెలలో మరో మూడుసార్లు వచ్చింది. వస్తే గంటల తరబడి మంచం పట్టె పట్టుకుని పడుకోవడమే. ENT స్పెషలిస్టు audiogram, అంటే వినికిడి పరీక్ష, తీయించాడు. తరవాత caloric test, అంటే చెవిలో చల్లనీళ్లు, వేడినీళ్లు పోసి కళ్లు ఎలా కదులుతున్నాయో చూడటం. చివరికి Meniere's disease అన్నాడు, లోపలి చెవిలో నీరు ఎక్కువై తల తిప్పే జబ్బట.

"దీనితో ప్రాణం పోదు. కానీ ఎప్పుడొస్తుందో చెప్పలేం. నో ఫ్లయింగ్. నిచ్చెనలు కూడా ఎక్కొద్దు" అన్నాడు. తల తిరుగుడుకు betahistine రాశాడు, ఒంట్లో నీరు తగ్గడానికి fluid tablet రాశాడు. ఉప్పు తింటే ఆ నీరు పెరుగుతుందని చెప్పి, "భోజనంలో సాల్ట్ యాడ్ చేసుకుంటారా?" అని అడిగాడు.

"నో, డాక్టర్" అన్నాను.

అబద్ధం కాదు. నా జన్మలో అన్నం మీద ఉప్పు చల్లుకున్నది లేదు. ఆవకాయ, మాగాయ, అప్పడాలు, మజ్జిగ మిరపకాయలు ఉప్పు కింద లెక్కని నాకు తోచనే లేదు. సరళ కూరల్లో ఉప్పు తగ్గించింది. చప్పగా ఉందని నేను ఆవకాయ ఇంకో రెండు ముక్కలు ఎక్కువ వేసుకున్నాను.

శనివారాలు నరకం. ప్రభాకర్ వచ్చి ట్రెయిలర్ తగిలించుకునేవాడు. "బావా, ఇవాళ అటూ ఇటూ నడిపించమన్నాడు కెవిన్" అనేవాడు కళ్లు మెరుస్తుంటే. "జాగ్రత్తరా" అనేవాణ్ణి. వాడటు వెళ్లగానే వాన పడాలని దేవుడికి దండం పెట్టుకునేవాణ్ణి. సొమ్మొకడిది, సోకొకడిది.

మూడు వారాలు తల తిరగలేదు. తగ్గిపోయిందని నాకు నేనే తేల్చుకున్నాను. సరళకు ఊరికే చూసొస్తానని చెప్పాను. కెవిన్‌కు డాక్టర్ ఒప్పుకున్నాడని చెప్పాను. రెండూ అబద్ధాలే. మోకాలెత్తు లేపాను. ప్రభాకర్ ఎదురుగా, దూరంగా నిలబడి చేతులతో సైగలు చేస్తున్నాడు. అరనిమిషం కూడా కాలేదు, చెవిలో హోరు లేచింది. కుడి పక్కకు పడిపోతున్నాననిపించి కర్రను ఎడమకు తోశాను. నిజానికి యంత్రం పడటం లేదు. నేను తోశాకే ఎడమకు ఒరిగి, గొట్టం నేలకు తాకింది. నా ఎడమ చెయ్యి పైకి లాగబోయింది.

ప్రభాకర్ పరుగెత్తలేదు. రెండు అరచేతులూ నేల వైపు పెట్టి నెమ్మదిగా కిందికి అదిమాడు. వాడి చేతులను చూస్తూ నా చెయ్యి దించాను. యంత్రం దబ్బున దిగింది. ఒక గొట్టం వంగింది, అంతే. రెక్కలు పూర్తిగా ఆగాకే వాడు దగ్గరికొచ్చాడు.

"డాక్టర్ ఓకే అన్లేదు కదా బావా?"

"నీకేంరా, ఎగురుతున్నావు. ఇది నేను కట్టింది."

"మీదే. ఎవరు కాదన్నారు? మీకేమన్నా అయితే అక్కకి నేనేం చెప్పుకోవాలి?"

బెల్టు విప్పుకుని దిగాను. కెవిన్ ఇంజన్ తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

మరుసటి అపాయింట్‌మెంట్‌కి సరళ కూడా వచ్చింది. నిన్న ఏం తిన్నారని డాక్టర్ అడిగితే నా కన్నా ముందు తనే వరసగా చెప్పింది. ఆవకాయ అంటే ఏమిటని అడిగాడు. ముక్కలు అయిదు గిన్నెలైతే ఉప్పు ఒక గిన్నె అని కొలతలతో సహా వివరించింది. ఆయన పెన్ను కింద పెట్టాడు.

"దట్స్ నాట్ పికిల్. దట్స్ సాల్ట్ విత్ మ్యాంగో."

ఆ సాయంత్రమే జాడీ మా ఇల్లు దాటింది. ఎక్కడికి? ప్రభాకర్ ఇంటికి. హెలికాప్టరూ వాడికే, ఆవకాయా వాడికే.

నెలలు గడిచేకొద్దీ తల తిరగడం తగ్గుతూ వచ్చింది. మాత్రలవల్లో, ఉప్పు మానడంవల్లో, రెండిటివల్లో డాక్టర్ కూడా చెప్పలేకపోయాడు. ఇప్పటికి రెండేళ్లయింది పెద్ద అటాక్ వచ్చి. ఎడమ చెవికి సగమే వినిపిస్తుంది, సన్నటి హోరు అలాగే ఉంది. ఎగరడానికి మాత్రం అనుమతి లేదు, ఇక అడగను కూడా. ప్రభాకర్ గొట్టాలు విప్పేసి చెట్ల ఎత్తున తిరుగుతున్నాడు.

నాలాంటివాళ్లకు ఒక్కటే చెబుతాను. డాక్టర్ ఉప్పు సంగతి అడిగితే అవుననీ కాదనీ తేల్చేయకండి. కంచంలో ఏమేం ఉన్నాయో మొత్తం చెప్పండి. వండేవాళ్లను వెంట తీసుకెళితే ఇంకా మంచిది.

కడుపుమంటకు మాత్రం ఆయన ఏమీ రాయలేదు. అది అలాగే ఉంది. నేను చూసి సరేననే దాకా ప్రభాకర్ సీట్లో కూర్చోడు. ప్రతి బోల్టూ రెండుసార్లు చూస్తాను. మొదటిసారి ఇంజనీరుగా. రెండోసారి, ఆ మంట ఉన్న నా మీద నాకు నమ్మకం లేక.