ఉద్యోగం అన్న గడి

రోజూ సాయంత్రం నాలుగున్నరకి ఆయన చొక్కా ఇస్త్రీ చేసేదాన్ని. ఐదింటికి అది తొడుక్కుని క్లబ్బుకి వెళ్ళేవారు. ఆయన పోయి రెండు నెలలైంది. ఇస్త్రీపెట్టె అటక మీద ఉంది. ఐదింటికి ఇప్పుడు జడ్జిగారు వస్తున్నారు.

జడ్జిగారు క్లబ్బులో మావారి పేకాట జోడీ. మొదటిసారి వచ్చినప్పుడు ఒక కాగితం తెచ్చారు. సభ్యుడు పోతే పటం కట్టించి హాల్లో పెట్టడం వాళ్ళ ఆనవాయితీ. పటం కింద రాయాల్సిన వివరాలు ఇంట్లోవాళ్ళే నింపి సంతకం చెయ్యాలి.

"ఉద్యోగం అన్నచోట చీఫ్ ఇంజనీరు అని రాసెయ్యమ్మా," అన్నారు.

"ఇంజనీరేంటి అన్నయ్యగారూ! ముప్పై ఏళ్ళు నీళ్ళ ట్యాంకు దగ్గర మోటారు వేశారు, ఆపారు."

జడ్జిగారు గుమ్మం వైపు చూశారు. "మెల్లగా తల్లీ. అక్కడ అందరికీ ఆయన ఇంజనీరుగారే."

"ఎవరు చెప్పారు వాళ్ళకి?"

"నేనే. నేను జడ్జినని ఆయన చెప్పాడు. నిజానికి కోర్టులో టైపు కొట్టేవాణ్ణి. ఆ మాటకొస్తే తీర్పులన్నీ నా చేతి మీదుగానే వెళ్ళాయి," అన్నారు.

ఏటా క్లబ్బు విందుకి మావారు నన్నెందుకు తీసుకెళ్ళలేదో అప్పుడు తెలిసింది. నాకు మోకాళ్ళ నొప్పులని చెప్పేవారట. నా మోకాళ్ళు నిక్షేపంలా ఉన్నాయి.

"నువ్వు నిజం రాస్తే పోయినాయనకేం కాదు. మర్నాడే నా సంగతి తవ్వుతారు. ఇంట్లో కోడలు మందుల వేళకి తప్ప పలకరించదు. క్లబ్బులో ఆ కుర్చీ కూడా పోతే ఎక్కడ కూర్చోను?"

"చేతులారా అబద్ధం రాయమంటారా?"

"ఆలోచించుకో. రేపొస్తా."

మర్నాడు వచ్చారు. ఆ మర్నాడూ వచ్చారు. "రాశావా?" అంటారు. ఇంకా లేదనగానే చెప్పులు విప్పి కూర్చుంటారు. టైపు మిషన్ మీద ఏ అక్షరం ఇరుక్కునేదో, పోయిన భార్య ఏమని వేళాకోళం చేసేదో చెబుతారు. ఓడిపోయేటప్పుడు మావారు చెవి గోక్కునేవారట. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో అది నాకు తెలియదు.

"క్లబ్బులో ఇవన్నీ మాట్లాడరా?" అని ఒకసారి అడిగాను.

"అక్కడ జడ్జి మాట్లాడాలి కదమ్మా. నాకేం వచ్చు?"

నిన్న క్లబ్బు సెక్రటరీ ఫోన్ చేశారు. పటం తయారైందట, కాగితమే ఆలస్యమట. ఇవాళ వంట పని అయ్యాక కూర్చున్నాను. పేరు రాశాను, పుట్టిన తేదీ రాశాను. కింద సంతకం కూడా పెట్టాను. ఉద్యోగం అన్న గడి మాత్రం ఖాళీగా వదిలేసి కలానికి మూత పెట్టాను. ఐదింటికి జడ్జిగారు వచ్చి "రాశావా?" అంటే, ఇంకా లేదనాలిగా.