తార్ బాబు తీగల రంగులు

వికారాబాద్‌లో టెలిగ్రాములు కొట్టే తార్ బాబు పోయాడు. ఊరూరి మంచీచెడ్డా టక్కుటక్కుమని తీగ మీద పంపిన మనిషి. ఆయన పోయిన కబురు మాత్రం తాండూరులో ఉన్న నాకు తీగ మీద రాలేదు. షేర్వానీ కొలతలివ్వడానికి రైలు దిగి వచ్చిన గిరాకీ చెప్పాడు. కత్తెర కింద పెట్టేశాను. ఆ రోజు మళ్లీ పట్టుకోలేదు.

నేను దర్జీని. రేడియోలు కట్టే పిచ్చి నాకు అంటించింది ఆయనే. ఆదివారాలు రైలెక్కి ఆయన ఇంటికి వెళ్లేవాణ్ణి. చాప మీద కూర్చుని, చాయ్ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా టంకం పెట్టేవాళ్లం. ఆయనకో పద్ధతి ఉండేది. పెద్ద బ్యాటరీకి ఎర్ర తీగ, గాజు బుడ్ల లాంటి వాల్వులను వెలిగించే చిన్న బ్యాటరీకి పసుపు, రెండింటికీ తిరుగు తీగ నలుపు. ఎర్ర తీగ అయిపోతే పని ఆపి పడుకునేవాడే గానీ మరో రంగు ముట్టేవాడు కాదు.

నాకది చాదస్తంగా తోచింది. గుడ్డ రంగు దారంతో, కుట్టు కనబడకుండా కుట్టడమే కదా మా పనితనం. అందుకే నా మొదటి సెట్టుకు డబ్బా రంగులో కలిసిపోయేలా అన్నీ గోధుమరంగు తీగలే వేశాను. మురిసిపోతూ ఆయన ముందే బ్యాటరీలు కలిపాను. పెద్ద బ్యాటరీ తీగ చిన్నదాని చోటికి పోయింది. నాలుగు వాల్వులూ ఒక్క క్షణంలో మాడిపోయాయి.

నాకు ఏడుపొచ్చింది. ఆయన నవ్వాడు.

"కుట్టు కనబడొద్దు తమ్మీ, తీగ కనబడాలె. రంగు మనకోసం గాదు. మన తర్వాత డబ్బా ఇప్పెటోని కోసం."

అని తన రేడియోలోని నాలుగు వాల్వులూ పీకి నా చేతిలో పెట్టాడు.

"మరి మీకు పాటలెట్ల సాబ్?"

"మీ భాభీ ఉన్నది గదా. పొద్దంత మోగుతనే ఉంటది."

లోపలినుంచి ఆయన భార్య, మా భాభీ, అందుకుంది. "ఇంట్ల రేడియో బంద్ జేసి ఊర్లె మోగిస్తడు."

ఆమె కోసమే తర్వాత కొత్త సెట్టు మొదలుపెట్టాడు. బ్యాటరీలు కలపడమొక్కటే మిగిలి ఉండగా పోయాడు.

మొన్న ఆదివారం వెళితే భాభీ ఆ డబ్బా నా ముందు పెట్టింది. "కాయితాలన్ని ఎతికిన తమ్మీ. గీ డబ్బా గురించి ఏం రాసి పెట్టలే. నీతోని అయితదా?"

తప్పు కలిపితే ఆయన చేతి చివరి సెట్టు మాడిపోతుంది. వెనక రేకు విప్పాను. ఎర్రది, పసుపుది, నల్లది. మూడు తీగలు బ్యాటరీల కోసం చూస్తున్నాయి.

"రాసి పెట్టిండు భాభీ," అన్నాను. ఎర్రది పెద్ద బ్యాటరీకి, పసుపుది చిన్నదానికి, నల్లది రెండింటికీ కలిపాను.

కాసేపు గరగర, ఆ వెంటనే పాట. భాభీ లేచి డబ్బా వెనక్కి వచ్చి కూర్చుంది. పాట అయిపోయేదాకా ఆ తీగలనే చూస్తూ ఉంది.