అమ్మమ్మ ఎత్తని చెయ్యి

నా చిన్నప్పుడు మా ఊరి పిల్లలందరికీ విమానమంటే సరదా, నాకొక్కదానికే హడలు. మిగతా వాళ్ళకి అది ఆకాశంలో పోయే వస్తువు. నాకు మాత్రం అందులో మా మామయ్య ఉంటాడు. మా అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడాయన. మిషన్ హాస్టల్లో చదువుకుని, మద్రాసు పోయి విమానం నడపడం నేర్చుకున్నాడు. వలలు లాగే ఇంట్లో పుట్టి ఆకాశానికి ఎగబాకాడని ఊరంతా చెప్పుకునేవారు. మా అమ్మమ్మకి మాత్రం అందులో పెద్ద వింతేమీ కనపడేది కాదు. వాడు నడిపేది కూడా పడవేనని, కాకపోతే గాలిలో నడుపుతాడని అనేది.

మాది కృష్ణపట్నానికి దిగువన, సముద్రం ఒడ్డున ఒక పల్లె. ఆ ఏడు మా ఒడ్డునే విమానాల విన్యాసాలు పెడుతున్నారని, అందులో మామయ్య కూడా ఎగురుతాడని కబురొచ్చింది. విన్యాసమంటే ఊరికే పోయి రావడం కాదట, పల్టీలు కొట్టడమట, తలకిందులుగా పోవడమట. ఆ మాట విన్న రోజు నుంచి నాకు అన్నం సహించలేదు. రాత్రి ప్రార్థనలో అందరూ వర్షాల కోసం అడుగుతుంటే నేను మామయ్య కింద పడకూడదని అడిగేదాన్ని.

ఇక్కడ మా వాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. కొత్త పడవ నీళ్ళలోకి దిగినప్పుడు దాన్ని నేరుగా లోపలికి తీసుకుపోరు. ముందు ఒడ్డు మీద నిలబడిన ఇంటి పెద్దావిడ ఎదురుగా తెచ్చి, ఆమె ముందు ఒక తిప్పు తిప్పుతారు. ఆమె చెయ్యి ఎత్తుతుంది. ఆ తర్వాతే సముద్రం మీదికి పోతారు. పాస్టరుగారి ప్రార్థన ఎంత అవసరమో పెద్దావిడ చెయ్యి కూడా అంతే అవసరం. మామయ్య ఎన్నాళ్ళుగా ఎగురుతున్నా, సొంత ఊరి నీళ్ళ మీద ఎగరడం అదే మొదటిసారి. అందుకని విమానాన్ని కూడా ఆమె ముందుకు తెచ్చి తిప్పుతానని అమ్మమ్మకి మాటిచ్చాడు. ఇంట్లో అందరం మురిసిపోయాం. అది తప్పని ఒక్కరికీ తోచలేదు.

వేడుకకి ముందే మద్రాసు నుంచి ఒక ఆఫీసరుగారు వచ్చారు. ఎవరు ఎగరొచ్చో, ఎంత ఎత్తులో, ఎక్కడెక్కడ ఎగరొచ్చో చూసి అనుమతి ఇవ్వాల్సింది ఆయనే. తలకి తువ్వాలు చుట్టుకుని ఒడ్డంతా కాలినడకన తిరిగారు. ఎండుచేపలు ఆరబెట్టిన చోట గద్దలు మూగుతున్నాయని, వేడుక రోజు అక్కడ చేప ఉండకూడదని చెప్పారు. జనం నిలబడే చోట ఇసుకలో తాడు కట్టించారు. సముద్రంలో చాలా దూరాన డ్రమ్ములు తేలేటట్టు వేయించి, విమానాలు ఆ డ్రమ్ముల వరసకి అవతలే పోవాలన్నారు. అంబులెన్సు ఎక్కడ ఉంటుంది, ఇసుకలో దిగబడితే ఎట్లా లాగుతారు, నెల్లూరు ఆసుపత్రికి ఏ దారి దగ్గర అని అడిగారు. పెళ్ళికొచ్చి చావు కబుర్లు అడుగుతాడేందమ్మా ఈయన అని అమ్మమ్మ విసుక్కుంది. నాకు మాత్రం హడలు ఇంకా పెరిగింది. మామయ్య పడిపోతాడని అనుకునేది నేనొక్కదాన్నే కాదన్నమాట, అంత పెద్ద ఆఫీసరుగారు కూడా అనుకుంటున్నారు.

తర్వాత ఆయన మామయ్యని ఇసుకలో నడవమన్నారు. అరచేతిని విమానంలా చాపి, ఎగరబోయేదంతా నేల మీదే నడిచి చూపించాలి. మామయ్య అడుగులు వేస్తూ, చెయ్యి పైకెత్తుతూ, బోర్లించుతూ, ఎక్కడ ఎంత ఎత్తులో ఉంటాడో పైకి చెబుతూ పోయాడు. పిల్లలు వెనకాల చేరి చేతులు తిప్పుతూ నవ్వారు. ఆఫీసరుగారు నవ్వలేదు. ఇప్పుడు నడిచిందే ఎగరాలి, ఇందులో లేనిది పైన ఒక్కటి కూడా ఉండకూడదు అన్నారు. మామయ్య సరేనన్నాడు. అమ్మమ్మ ముందు తిప్పే తిప్పు ఆ నడకలో లేదు.

మర్నాడు పొద్దున ఆయన ముందు పరీక్ష. ఊరికి పడమట చదును చేసిన నేల మీద నుంచి ఆ చిన్న విమానం లేచింది. ఒడ్డున ఆఫీసరుగారు చేతిలో రేడియో పట్టుకుని నిలబడ్డారు. మా ఇంటి వాళ్ళం తాడు వెనకాల ఉన్నాం. మామయ్య తలకిందులుగా పోయినప్పుడు నేను అమ్మమ్మ చీర కుచ్చిళ్ళలో మొహం పెట్టేసుకున్నాను. అయిపోయిందే పిచ్చిదానా అని ఆమె నా తల నిమిరింది. తల ఎత్తి చూశాను.

అయిపోలేదు. డ్రమ్ముల అవతల ఉండాల్సిన విమానం మావైపు తిరిగింది. అంతవరకు పక్కనుంచి కనపడిన విమానం ఇప్పుడు ముక్కుతో కనపడుతోంది, ముక్కు పెద్దదవుతోంది. ఆ మోత చెవుల్లో కాదు, కడుపులో వినపడింది. పక్కన అమ్మమ్మ మొహం వెలిగిపోతూ చెయ్యి ఎత్తింది. ఆఫీసరుగారు రేడియోలో ఒకే మాట అన్నారు. విమానం పక్కకి ఒరిగి, సముద్రం వైపు తిరిగి వెళ్ళిపోయింది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

జీపులో వచ్చిన మామయ్యకి ఆఫీసరుగారు అనుమతి లేదని చెప్పేశారు. కోప్పడలేదు. మామయ్య బతిమాలాడు. ఎత్తు తగ్గలేదని, తనకి విమానం మీద పట్టుందని, తల్లికిచ్చిన మాటని చెప్పాడు. అమ్మమ్మ కూడా అడ్డం పడింది, నా బిడ్డ నా మీద పడతాడా అని. కాకి పిల్ల కాకికి ముద్దు, అందులోనూ ఎగిరే పిల్ల.

ఆఫీసరుగారు బకెట్టు తెప్పించి, నిండా సముద్రం నీళ్ళు ముంచి నా చేతికిచ్చారు. నువ్వే విమానానివి అన్నారు. నీళ్ళ అంచు నుంచి అమ్మమ్మ మీదికి నేరుగా పరిగెత్తాలి, ఆయన చప్పట్లు కొట్టగానే ఆగిపోవాలి. పరిగెత్తాను. చప్పట్లు వినగానే ఉన్నచోటే ఆగాను. నేను ఆగాను గానీ నీళ్ళు ఆగలేదు. అమ్మమ్మ చీర నడుం దాకా తడిసిపోయింది. మళ్ళీ నీళ్ళు నింపి, ఈసారి ఒడ్డు వెంబడి, అమ్మమ్మ ముందు నుంచి అడ్డంగా పరిగెత్తమన్నారు. చప్పట్లు కొట్టారు. నీళ్ళు నా ముందు ఇసుకలో పడ్డాయి. అమ్మమ్మ మీద చుక్క కూడా పడలేదు.

"పైన ఏం విరిగినా పోయే దిక్కుకే పోతుందమ్మా. అందుకే మనుషుల వైపు రానివ్వం. ఎంత బాగా నడిపేవాడినైనా రానివ్వం" అన్నారాయన.

అమ్మమ్మ తడి చీర పిండుకుంటూ ఇసుకలో ఇంకిపోతున్న నీళ్ళనే చూసింది. తన మీద పడిన నీళ్ళ గురించి కాదు ఆమె ఆలోచన.

"ఆ నీళ్ళలో వాడు కూడా ఉంటాడు గదయ్యా" అంది.

ఆమె కొడుకు వైపు తిరిగింది.

"నా ముందుకు రాబాకు నాయనా. దూరంగా పోయినా నా కంటికి ఆనతావులే."

పద్ధతి తప్పితే అరిష్టం కాదా అని మామయ్య నసిగాడు. పద్ధతి పెట్టింది పడవకని, పడవ ఆగుతుందని, నువ్వెక్కింది ఆగదని ఆమె తేల్చేసింది. మర్నాడు ఆఫీసరుగారు మామయ్య చేత మళ్ళీ మొదటినుంచి నడిపించి, మళ్ళీ ఎగిరించి, నడిచిందే ఎగిరాడని చూశాకనే ఒప్పుకున్నారు.

వేడుక రోజు ఇసుక కనపడనంత జనం. నాకు భయం తగ్గలేదు, రూపు మార్చుకుంది. విమానం విరుగుతుందేమో అన్నది పాత భయం. ఇప్పుడు మామయ్య మనసు మావైపు తిరుగుతుందేమో అని. ఎందుకంటే అంత జనమూ చేతులెత్తి పిలుస్తున్నారు, దగ్గరికి రా, దగ్గరికి రా అని. మా ఊరి వాడు గదా. పిలిస్తే వచ్చే అలవాటున్న మనిషి.

చివరిసారి విమానం డ్రమ్ముల అవతల బారుగా వస్తుంటే అమ్మమ్మ వైపు చూశాను. ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒకదాన్ని ఒకటి గట్టిగా పట్టుకుని నిలబడింది. వేళ్ళు తెల్లబడిపోయాయి. కుడి చెయ్యి లేవబోతోంది, ఎడమ చెయ్యి లాగి పట్టుకుంటోంది. మొహం మాత్రం రాయిలా ఉంది, ఎవరో పరాయివాడు పోతున్నట్టు.

మామయ్య రాలేదు. రెక్క కూడా ఊపలేదు. నడిచినదే ఎగిరి వెళ్ళిపోయాడు. మోత సన్నగిల్లాక అమ్మమ్మ చేతులు వదిలేసి ఇసుకలో కూలబడింది. చెప్పినట్టే పోయినాడు అని ఒక్క మాట అంది. అప్పుడు ఏడ్చింది. ఆమెకి కూడా నా అంత భయముందని ఆ రోజే తెలిసింది. నేను భయాన్ని ఆమె చీరలో దాచుకున్నాను, ఆమె తన వీపు వెనకాల దాచుకుంది.

మామయ్య ముసలివాడై, మంచం మీద, మా అందరి మధ్య పోయాడు. అంతకంటే ఏం కావాలి.

ఇప్పుడు మా మనవడు పోర్టులో పనికి బైకు మీద పోతాడు. మా ఇంటి ముందు నుంచి రోడ్డు మలుపు తిరిగేచోట లారీలు ఆగకుండా వస్తుంటాయి. గడపలో నిలబడి చెయ్యి ఊపితే వాడు తప్పకుండా వెనక్కి తిరిగి చూస్తాడు, నాకు తెలుసు. అందుకని చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడతాను. పెద్దామెకి వయసుతో పాటు మనసు కూడా గట్టిపడిందని పక్కింటి అక్క ఎగతాళి చేస్తుంది. టాటా కూడా చెప్పవేం అవ్వా అని వాడు నిష్ఠూరమాడతాడు.

చెబుతాను. వాడు మలుపు దాటాక, బైకు మోత కూడా వినపడనప్పుడు, చెయ్యి ఎత్తుతాను.