నా బీరువాలో ఎరుపుకు తిరిగిన గార్డు లాంతరు

అది జరిగినప్పుడు ఉన్నవి ఇవి: సముద్రం మధ్య దీవుల్లోని డిగ్నాబాద్‌లో నా అద్దె గది, ఒక ఇనుప బీరువా, దానికి ఒకే తాళంచెవి. బీరువాలో పాత రైల్వే చేతి లాంతర్లు ఆరు. ఐదు నావి, ఒకటి మా బావది. మనుషుల్లో నేనొక్కడినే. దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. మెకానికల్ డిప్లొమా చదివినవాణ్ణి. వస్తువు కదిలిందంటే దాన్ని ఏదో కదిలించి ఉండాలి.

రైలు పట్టాలే లేని ఈ దీవుల్లో నాకు తెలిసి రైల్వే లాంతర్లు పోగుచేసేవాళ్లం ఇద్దరమే: నేను, హోప్ టౌన్‌లో ఉండే మా అక్క భర్త. నావన్నీ ఎక్కడెక్కడివో. బావ దగ్గరున్నది మాత్రం మా తాత వాల్తేరులో గూడ్సు గార్డుగా మోసినది. సొంత మనవణ్ణి నేనుండగా తాత దాన్ని బావ చేతిలో పెట్టాడు. ఆ ఇంటికి వెళ్లిన ప్రతిసారీ అన్నం సయించేది కాదు.

ఈ లాంతర్లకు పైనున్న పిడి తిప్పితే లోపలి రంగు అద్దాలు తిరిగి తెలుపు, పచ్చ, ఎరుపు కనిపిస్తాయి. ఉప్పుగాలికి అది పట్టేస్తుంది కాబట్టి ఇక్కడ తరచూ నూనె వేసి తిప్పాలి. సెలవు మీద వైజాగ్ వెళ్తూ బావ ఆ పని నాకప్పగించాడు.

"జాగ్రత్త బామ్మర్దీ. తాత నీకెందుకివ్వలేదో తెల్సా? నువ్వు కొలుస్తావ్ గానీ తుడవ్వు."

"ఇచ్చుంటే తుడిచేవాణ్ణి బావా."

"అరె, మజాక్ చేశాన్రా! మొహం అలా పెడతావేంటి?"

నా వాటిలో ఒకటి అచ్చం అలాంటిదే. తేడా అల్లా అడుగురేకు మీద తాత చెక్కుకున్న పొడి అక్షరాలే. ఆ రేకు విప్పి నా లాంతరుకు బిగించి ఇచ్చేస్తే బావ పోల్చుకోలేడు. అసలుది నాకుంటుంది.

మొదటి రోజు తెలుపు దగ్గర నిలిపి తాళం వేశాను. మర్నాడు పొద్దున ఎరుపు. నేనే మరిచాననుకుని మళ్లీ తెలుపు పెట్టాను. మళ్లీ ఎరుపు. మూడోసారి పిడికి టేపు చుట్టాను. టేపు మీద ముడత కూడా పడలేదు, లోపల మాత్రం ఎరుపు. చిన్న భూకంపాలు ఇక్కడ మామూలే. కానీ మిగతా ఐదూ పెట్టిన రంగులోనే ఉన్నాయి.

అయినా ఆదివారం మధ్యాహ్నం టేపు తీసి, తెలుపుకు తిప్పి, లాంతరును ఒళ్లో బోర్లించి స్క్రూడ్రైవర్ అందుకున్నాను. పిడి మీద నా చెయ్యి లేదు. మోకాలికి ఆనిన పిడి మెల్లగా తిరగడం తెలిసింది. అద్దంలో తెలుపు పోయి, పచ్చ వచ్చి, ఎరుపు దగ్గర టక్కుమని ఆగింది.

గార్డు ఎరుపు చూపిస్తే ఆగాలి. ఆగాను.

బావ తిరిగొచ్చిన రోజే లాంతరు ఇచ్చేశాను. రంగు మారడం గురించి చెప్పాను, రేకు సంగతి చెప్పలేదు. నేనడిగానని రోజూ రాత్రి తెలుపు దగ్గర పెట్టి, పొద్దున ఫోటో తీసి పంపుతున్నాడు. అద్దాలు ఎలా తిరిగాయో నాకిప్పటికీ అంతుపట్టలేదు. బావ దగ్గర కూడా ఒక్కసారి ఎరుపు వస్తే బాగుండునని ప్రతి ఫోటో ఆశగా తెరుస్తాను.

ఇప్పటికి వచ్చిన ఫోటోలు నలభై ఒకటి. ఎరుపు ఉన్నవి సున్నా.