డిసెంబరు నాగాలు

రాయపూర్‌లో టాటీబంధ్ చౌరస్తా దాటి కాస్త లోపలికి వెళితే, ధాన్యం గోదాముల వరసలో హమాలీల్ని పెట్టే ఒక ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, ఆఫీసు ఉండేది. రెండే గదులు. ముందు గదిలో సరోజిని, ఆమె టైపు మిషను, తిరిగినంతసేపూ మూలిగే ఒక ఫ్యాను. వెనక గదిలో ఏసీ, కంప్యూటరు, ఊర్మిళ. ఆ గదిలోకి వెళ్లాలంటే గుమ్మం బయట చెప్పులు విప్పాలి. దుమ్ము పడితే మిషను పాడవుతుందట. సరోజిని కడుపుమంట మొదలైంది ఆ చెప్పుల దగ్గరే.

పైగా ఊర్మిళని అక్కడ కూర్చోబెట్టింది తనే. మోవా పేటలో ఉండే ఊర్మిళ తల్లి అప్పలనరసమ్మ ఒకరోజు ఇంటికొచ్చి, "మా పిల్ల కంప్యూటర్ కోర్సు చేసింది సరోజినీ, మీ సేఠ్‌తో ఒక మాట చెప్పవే" అని బతిమాలితే, సరోజిని గొప్పగా తల ఊపి, మర్నాడే సేఠ్‌కి చెప్పింది. తనకి చెయ్యి కింద ఒక పిల్ల ఉంటుందనుకుంది. తీరా చూస్తే ఆ పిల్లకి ఏసీ వచ్చింది, తిరిగే కుర్చీ వచ్చింది. హమాలీలు "కంప్యూటర్ మేడం" అని పిలవడం మొదలుపెట్టారు. తనని ఇన్నేళ్లుగా "అక్కా" అనే పిలిచారు. ఆ పిలుపులో చిన్నతనం ఉందని అంతవరకూ ఆమెకి తోచనే లేదు.

సరోజిని రాయపూర్‌లోనే పుట్టింది. శ్రీకాకుళం నుంచి వచ్చిన తండ్రి బంగారయ్య రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపులో ఫిట్టరు. ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ. మెట్రిక్ అవగానే తండ్రి టైపులో చేర్పించాడు. "చేతిలో పనుంటే నువ్వు ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదమ్మా" అన్నాడు. హిందీ, ఇంగ్లీషు రెండూ కొట్టేది. పెళ్లికి ముందు ఈ ఆఫీసులో చేరింది. ఇద్దరు పిల్లలు పుట్టినా, కీళ్లు వాచినా మానలేదు. పాత ఠేకేదారు పోయి అతని కొడుకు సేఠ్ అయ్యాడు. ఆమె మాత్రం ఆ ఫ్యాను కిందే ఉండిపోయింది.

ఇంట్లో కంచం ముందు కూర్చున్నా అదే గోల. ఊర్మిళ కొత్త చున్నీ, ఊర్మిళ టిఫిను డబ్బా, ఊర్మిళ నవ్వు. మొగుడు సూరిబాబు ఒకరోజు విసుక్కున్నాడు.

"ఏటే, అన్నంల ఊర్మిళని కలుపుకుని తింటన్నావా? పప్పేసుకో."

అయినా సరోజినికి ఒక ఊరట ఉండేది. ఊర్మిళకి తెలియని పని ఒకటి ఆ కంప్యూటరులో తను చేసేది.

అదేమిటో చెప్పాలంటే ఠేకేదారీ ధర్మం గురించి చెప్పాలి. హమాలీ ఏడాది పొడుగునా తెరిపి లేకుండా పని చేస్తే చట్టం అతని పక్కన నిలబడుతుంది. పర్మనెంటు అడగొచ్చు, ఊరికే తీసెయ్యడానికి వీల్లేదు. అందుకని ఏడాది నిండకముందే కాగితాల్లో అతన్ని కొన్నాళ్లు మాన్పిస్తారు. దానిపేరు నాగా. మనిషి మాత్రం ఆ రోజుల్లోనూ గోదాములో బస్తా మోస్తూనే ఉంటాడు. మెడమీద బరువు నిజం, హాజరులో నాగా నిజం. రెండు నిజాల మధ్య మనిషి జీవితం అరిగిపోతుంది. రాయపూర్‌లో అదొక వింతగా ఎవరికీ అనిపించేది కాదు.

ఊర్మిళ "ఎందుకు" అని అడిగే రకం. అందుకే నాగాలు ఎక్కించే పని సేఠ్ సరోజినికి అప్పగించాడు. హాజరు ప్రోగ్రాములో దానికి విడిగా ఒక అర, దానికో తాళం మాట. అవి సేఠ్‌కీ సరోజినికీ తప్ప తెలియవు. ఊర్మిళ రాకముందే పొద్దున్నే వచ్చి, చెప్పులు విప్పి, ఆ తిరిగే కుర్చీలో కూర్చుని మీటలు నొక్కుతుంటే సరోజినికి ఒళ్లు పులకరించేది. నేను నమ్మకమైన మనిషిని, అది వట్టి ఆపరేటరు, అనుకునేది. ఆ నమ్మకం దేనికోసమో ఆలోచించేది కాదు.

ఆ యేడు, తొంభై తొమ్మిదిలో, సేఠ్ ఇంట్లో డిసెంబరులో పెళ్లి. అప్పుడు తీరదని దసరా వెళ్లగానే ముందే నాగాలు వేసెయ్యమన్నాడు. సరోజిని కంప్యూటరు తేదీని డిసెంబరు ఆఖరుకి జరిపి, నాగాలు ఎక్కించి, మళ్లీ తేదీని వెనక్కి తెచ్చేసింది. రోజువారీ హాజరుకి అడ్డేమీ రాలేదు.

దీపావళి తరవాత నాగ్‌పూర్ నుంచి ఫ్లాపీలు వచ్చాయి. రెండువేల సంవత్సరం కోసం ప్రోగ్రాముని మార్చే అప్‌డేట్. అది ఎక్కించకపోతే జనవరి ఒకటి నుంచి ఆ మిషను రెండువేలని పందొమ్మిది వందలు అనుకుంటుంది, దాని లెక్కలో హమాలీలెవరూ ఇంకా పుట్టనే లేదు! సేఠ్ ఇద్దర్నీ పిలిచాడు.

"ఇది పడ్డాక ఒక మనిషి చాలు. రెండు జీతాలు నా వల్ల కాదు. ఊర్మిళా, అప్‌డేట్ పడితే నువ్వు ఉంటావు. లేకపోతే నీ బదులు సరోజిని నేర్చుకుంటుంది."

ఊర్మిళ ఫ్లాపీలు పెట్టింది. సగం దాకా వెళ్లి ఆగిపోయింది. తేదీ తప్పు అని చూపించి, ఉన్నది ఉన్నట్టు వెనక్కి వచ్చేసింది. తేదీ చూస్తే సరిగ్గానే ఉంది. మళ్లీ పెట్టింది, మళ్లీ అంతే. ఫ్లాపీలు చెడ్డాయేమోనని నాగ్‌పూర్ నుంచి ఇంకో జత తెప్పించింది. వైరస్ వెతికింది. పాత ఫైళ్లు తీసేసి చోటు చేసింది. లోపల గడియారం నడిపే చిన్న బ్యాటరీ ఉంటుందట, దాన్నీ మార్పించింది. ఏం లాభం లేకపోయింది.

ముందు గదిలో సరోజిని టైపు మిషను ఆ వారమంతా ఎంత హుషారుగా మోగిందో!

చివరికి ఊర్మిళ నాగ్‌పూర్‌కి ఫోను చేసి, పెట్టేసి, నీరసంగా బయటికొచ్చింది.

"అక్కా, ఇవాళ్టి తరవాత రావాల్సిన తేదీ ఏదో ఈ మిషన్ల ఉందంట. అది దాటి వెనక్కొచ్చినాం అనుకుంటంది, అందుకే ఒప్పుకుంట లేదు. ఎవలైనా తేదీ మార్చినారా?"

సరోజినికి చటుక్కున తట్టింది, తేదీ జరిపింది తనే. డిసెంబరు నాగాలు! ఆ పిల్ల ఎదురుగా నిలబడి ఉంది, కళ్లకింద నలుపు. ఒక్క మాట చెబితే చాలు.

"నాకేటి తెలుసు? చెప్పులు విప్పి నిలబడేదాన్ని నేను" అంది సరోజిని.

శనివారం కూలి పంచే రోజు. హమాలీలు కిటికీ ముందు వరస కట్టి ఉన్నారు. సేఠ్ వాళ్లందరి ముందే ఊర్మిళతో, "కల్ సే మత్ ఆనా" అనేశాడు. రేపట్నుంచి రావద్దని. అని, గోదాము వైపు వెళ్లిపోయాడు. ఊర్మిళ చున్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కుర్చీ సరోజినిదైంది. ఆమె ఇంత కాలం కోరుకున్నది అదే. కానీ ఎవరూ ఆమె వైపు చూడలేదు. హమాలీల పెద్ద జోగయ్య వరస వదిలేసి ఊర్మిళ దగ్గరికి వచ్చాడు. ఎవరో పరుగెత్తి అల్లం టీ తెచ్చారు, ఒకటే గ్లాసు, ఊర్మిళకి.

"ఏడవకు బిడ్డా. నీ వల్లే కానేదంటే ఈ రాయపూర్‌ల ఇంకెవల వల్లా కాదు" అన్నాడు జోగయ్య.

సరోజినికి ఒళ్లు మండిపోయింది. ఓడినా దానికే టీ, గెలిచినా తనకి నీళ్లు లేవు!

"ఎవల వల్లా కాదా? పక్కకి జరుగు జోగయ్యా!"

చెప్పులతోనే వెనక గదిలోకి వెళ్లింది. కుర్చీ లాక్కుని, తాళం మాట కొట్టి, ఆ అర తెరిచింది. ఊర్మిళ, జోగయ్య గుమ్మం దాకా వచ్చారు, వెనక మిగతావాళ్లు.

"చూడే! అన్నీ తెలుసనుకుంటావు గదా? డిసెంబరు నాగాలు ముందే ఎక్కించింది నేను. సేఠ్ నన్ను నమ్మి చేయమన్నాడు. వీటిని తీస్తే నీ అప్‌డేట్ పడతాది. మాలూమా?"



"డిసెంబర్ల నాగాయేటి అక్కా?" అన్నాడు జోగయ్య మెల్లగా. "డిసెంబర్ ఇంకా రానేదు గదా?"

అప్పుడు గానీ తన నోట్లోంచి ఏం జారిందో సరోజినికి అర్థం కాలేదు. రాని నెలలో వీళ్లు రాలేదని తనే రాసింది. మాట వెనక్కి తీసుకోవచ్చు. ఎవరో చేరేసినట్టున్నారు, సేఠ్ కేక గోదాము దాటి వస్తోంది కూడా: "సరోజినీ! బంద్ కరో ఉస్‌కో!" దాన్ని ఆపెయ్యమని.

జోగయ్య ఆమె వైపు చూడలేదు. "ఊర్మిళమ్మా, నువ్వు సదువుకున్నదానివి. ఎవలెవల పేర్లున్నాయో నువ్వు సదువు తల్లీ" అన్నాడు. ఊర్మిళ కీబోర్డు మీదికి చెయ్యి చాపింది.

సరోజిని ఆ చేతిని విసురుగా తోసేసింది.

"చెయ్యి తియ్యి! ఎక్కించింది నేను, చదివేది నేను."

గుమ్మంలో సేఠ్ నిలబడి ఉండగానే గొంతు పెంచింది. "జోగయ్య. నూకరాజు. పరదేశి..." ఒక్కో పేరు చదవడం, ఆ నాగా చెరిపెయ్యడం. పేరు వినబడినవాడల్లా లోపలికి వస్తున్నాడు, ఊకదుమ్ము కాళ్లతో, ఏసీ గది నిండేదాకా.